ఐదో గుండు

మా కొండల్లో తుపాకీ లేని ఇల్లు ఉండదు. కానీ సీసం కరిగించి, సొంతంగా గుండ్లు పోసుకునే ఓపిక మాత్రం మా పక్కింటి వర్జిల్ టాకెట్‌దే. గనిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మంచివాడే గానీ మహా మొండిఘటం. చేపట్టిన పని అంతు చూడందే వదలడు.

ఆ వసంతంలో అతని చిన్ననాటి స్నేహితుడు హోబర్ట్ స్టంప్ తన తండ్రి రైఫిల్ పట్టుకొచ్చాడు. పావు అంగుళం గొట్టం, ఉడుతల వేటకి వాడిన పాతకాలపుది. దానికి సరిపడే తూటాలు చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి.

"ఒరేయ్, నా కళ్లు పోతున్నాయిరా," అన్నాడు హోబర్ట్, మొక్కజొన్న రొట్టె బీన్స్‌లో ముంచుకుంటూ. "ఎన్నాళ్లుంటాయో డాక్టరే చెప్పలేనన్నాడు. ఈలోగా తుపాకీ క్లబ్బు పోటీలో, మా నాన్న తుపాకీతో, గురికి పెట్టే ఆ ఇనుప టర్కీకోడి బొమ్మని ఒక్కసారి టంగుమనిపించాలి. తూటాలు చేసిపెట్టు."

"ఎందుకు చెయ్యను? దాని ముక్కు మీద కొట్టేలా చేస్తా చూడు!"

పోటీ నెలనెలా ఉంటుంది. వర్జిల్ పద్ధతి మాత్రం నెలల లెక్కకు లొంగేది కాదు. ఒకసారికి ఒకటే మార్చాలంటాడు. తుపాకిమందు రవ్వంత పెంచితే గుండు మార్చడు, గుండు మారిస్తే మందు ముట్టుకోడు. పోసిన గుండ్లు గట్టిపడేదాకా వారాల తరబడి డబ్బాలో మగ్గాలి. ఆ తర్వాత గాలి కదలని తెల్లవారుజాము దొరకాలి. అప్పుడు కాగితం మీద అయిదు గుండ్లు కాల్చి, చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకుని, మళ్లీ మొదలు.

జూన్‌లో అయిదూ కాఫీ కప్పు మూతంత చోట పడ్డాయి. ఇనుప టర్కీ అంతకు మూడింతలుంటుంది.

"ఇక ఇచ్చెయ్యవయ్యా బాబూ," అన్నాను.

"నాలుగు కలిసున్నాయి, అయిదోది కాస్త ఎడంగా పడింది. రేపు వాడి వంతుకి ఆ అయిదోదే వస్తే? కళ్లు పోయేవాడి చేత గురి తప్పించమంటావా?"

ప్రేమతోనే అన్నాడు. అందుకే నాకూ ఎదురుచెప్పాలనిపించలేదు.

జులైలో పాత సీసం అయిపోయింది. కొత్తది మెత్తగా ఉండడంతో గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. మొత్తం పని మొదటికొచ్చింది. ఆగస్టులో హోబర్ట్ వచ్చి నవ్వుతూనే దెప్పాడు. "ఒరేయ్, గుండ్లు పోస్తున్నావా, పొదుగుతున్నావా?"

"వచ్చే నెల పోటీకి ఖాయంరా. నన్ను నమ్ము."

సెప్టెంబర్‌లో ఒక ఉదయం అయిదు గుండ్లూ చిటికెనవేలి గోరంత చోట, ఒకే చిల్లులో దూరాయి. వర్జిల్ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. కాగితం, కొత్త తూటాల డబ్బా తీసుకుని, నన్నూ ట్రక్కెక్కించి, హోబర్ట్ ఇంటికి తోలాడు. జలుబని చెప్పి హోబర్ట్ రెండు వారాలుగా ఇల్లు కదలలేదు.

వరండాలో కూర్చుని ఉన్నాడు. మేం ఎదురుగా నిలబడితే, "ఎవరూ?" అన్నాడు.

వర్జిల్ ఇంకాస్త దగ్గరికి వెళ్లాడు.

"నేనే. వర్జిల్‌ని."

"ఓ, నువ్వా! పక్కలు కనిపిస్తాయిరా. ఎదురుగా ఉన్నదే, నల్లటి మచ్చ."

వర్జిల్ కాగితం అతని చేతిలో పెట్టాడు. హోబర్ట్ వేలితో తడిమాడు.

"ఒకటే చిల్లుందేం?"

"అయిదూ అందులోనే."

"అమ్మ నీ!" అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. మెచ్చుకోకుండా తిట్టినా బాగుండుననిపించింది నాకు.

"నేను పక్కన కూచుని గురి చూస్తా. ట్రిగ్గర్ నువ్వే నొక్కుదువు గాని," అన్నాడు వర్జిల్.

"అప్పుడు కొట్టింది నువ్వవుతావు గానీ నేనెలా అవుతానురా?" హోబర్ట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "జూన్‌లో నాకా టర్కీ తోకతో సహా కనిపించేది. అప్పుడు చేసినవి బాగానే ఉన్నాయన్నారే, అవేమయ్యాయి?"

వర్జిల్ చేతిలోని కొత్త తూటాల డబ్బా కింద పెట్టాడు.

"కాల్చేశాన్రా," అన్నాడు. "అన్నీ పరీక్షలకే కాల్చేశాను."