వంకకు పద్దెనిమిది సెంట్లు

ఏళ్ల కిందట ఒక సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. నాగప్పన్న భుజం మీది కొలతగొలుసు నేలకు జారిన చప్పుడుతో మా ఇళ్ల స్థలాల కొలత మొదలైంది. ఇవాళ మా ఎదుటి చేనులో ప్లాట్లకు హద్దులు వేస్తూ సున్నం చల్లుతున్నారు. ఆ ఘాటు గొంతుకు తగలగానే మళ్లీ ఆ చప్పుడు వినిపించింది.

నాగప్పన్న రిటైరైన సర్వేయరు. గుమ్మఘట్ట వైపు ఏ గట్టు తగాదా వచ్చినా ఆయన్నే పిలిచేవారు. బడిలో లెక్కలు చెప్పే నాకు గొలుసు పట్టడం, పటం గీయడం నేర్పింది ఆయనే. నేను పెద్దగా ఉన్న మహిళా సంఘంలో ముప్పై ఏడుగురు కలిసి ఇళ్ల కోసం ఎకరా కొన్నారు. ఎకరాకు నూరు సెంట్లు. దారులకు ఇరవై ఆరు పోతే డెబ్బై నాలుగు. తలా రెండు సెంట్లు, ముప్పై ఏడు ఇళ్లు. శేషం లేకుండా తెగింది నా లెక్క.

ఆయన మాత్రం దారుల జోలికి పోకుండా, చేను మధ్యనున్న వంకలోకి దిగాడు. ముందు నీళ్లకు కొలిచి, మిగిలింది మనుషులకు పంచడం ఆయన పద్ధతి. ఆ వంక పారి పదకొండేళ్లయింది. అందులో పశువుల మేతకు శనక్కాయ కట్టె వాములు వేసుకునేవాళ్లు.

“వంకకు పద్దెనిమిది సెంట్లు ఇడ్సాల. మిగిలేది యాభై ఆరు. ఇరవై ఎనిమిది ఇండ్లే పడతాయి” అన్నాడు.

ఆడవాళ్లంతా ఆయన చుట్టూ మూగారు. ఇల్లు దక్కని ఆ తొమ్మిదిమంది ఎవరోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఏమప్పా నాగప్పా, బిందె నీళ్లకు రెండు మైళ్లు పోతాండాం. ఆ నీళ్లే ఈడికొచ్చి మమ్మల్ని ముంచుతాయా?” అంది మేకలు కాచే సాకమ్మ. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కోపముంది.

“వాన రావల్లని మొక్కేది మీరే గదక్కా. వస్తే అది యాడ పోవల్ల?” అని, వంకలోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. “గుండ్రంగా ఉండాది సూడు టీచరమ్మా. దీన్ని ఎవురు అరగదీసినారు? తలా సెంటున్నర చెయ్యి. అందరికీ ఇల్లొస్తాది, అర సెంటు మిగుల్తాది గూడా.”

“సెంటున్నరలో మేము పండుకోవల్లనా, ఎనుముల్ని కట్టేసుకోవల్లనా?” అంది సాకమ్మ.

అందరూ నావైపు తిరిగారు. తీర్మానంలో రెండు సెంట్లని రాసింది నేను. రాసింది కొట్టివేయడం నాకు చేతకాదు.

“రెండే” అన్నాను.

నాగప్పన్న గొలుసు చుట్టుకున్నాడు. “అట్లయితే వంకలో నేను రాయి పాతను” అని వెళ్లిపోయాడు. ఆ తొమ్మిదిళ్ల రాళ్లు నేనే పాతించాను. చీటీల్లో వంకలోని మొదటి ఇల్లు సాకమ్మకు వచ్చింది.

నాలుగో ఏడు, అక్టోబరులో ఒక గురువారం, సాయంత్రం అయిదుకు వాన పట్టుకుంది. అందరూ వాకిళ్లలోకొచ్చి సంతోషంగా తడిశారు. సాకమ్మ చూరు కింద బిందెలు పెట్టింది. ఆరూ ఇరవైకి వంక వచ్చింది.

ఆదివారం నాగప్పన్న వచ్చాడు. ఏమంటాడోనని నేను తల ఎత్తలేదు. గొలుసు నా చేతికిచ్చి, “ఈ తూరి నువ్వు కొలువు” అన్నాడు. నీళ్లు కోసిన మేర కొలిచాను. పద్దెనిమిది సెంట్లు. ఆయన గొలుసు వెనక్కి తీసుకోలేదు. ఎవరు ప్లాట్లు వేసినా దాన్ని పట్టుకుపోయి, నీళ్లకు ఎంత విడిచారని అడుగుతాను. ఎదుటి చేనుకు ఇప్పుడు బయల్దేరుతున్నాను.

పోయినవి: తొమ్మిది ఇళ్లు, పద్నాలుగు మేకలు, రెండు ఎనుములు, సాకమ్మ. నేను తగ్గించనన్నది ఇంటికి అర సెంటు.