బాబాయి పెట్టిన పెన్సిల్ గుర్తు

రిటైరై మాచవరంలో ఉంటున్న మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు మొన్న సోమవారం పోయారు. ఆ కబురు చెప్పింది ఎప్పుడో మా దగ్గర చదువుకుని వెళ్ళిన అమ్మాయి. "బాబాయి లేడు సార్" అని ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కోసం బాధపడాల్సిన ఆ క్షణంలో, రేపు నేను పోతే ఈ పిల్ల ఇట్లా ఏడుస్తుందా అనిపించింది నాకు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నరసరావుపేటలో ఇరవై ఏళ్ళకు పైగా ఒకే గదిలో పనిచేశాం. ఆయన చదువు పదో తరగతితో ఆగింది. పిల్లలకు నేను సార్‌ని, ఆయన బాబాయి. డౌటొస్తే నా బల్ల దాటుకుని ఆయన స్టూలు దగ్గరికి పోయేవాళ్ళు. కొలత తేడాగా వస్తే, ముందు మన పెట్టె తప్పెంతో చూసుకుని తర్వాత దీపాన్ని అనండి అని వాళ్ళకు చెప్పేవారు. నాకు కడుపు మండేది. బజ్జీల పొట్లం విప్పితే మాత్రం మొదట నాకే పెట్టేవారు.

ఆయన పెట్టె అనేది దీపాల వెలుగును రంగుల గీతలుగా విడదీసే మా పరికరాన్ని. దానికి వెలుగు లోపలికి వెళ్ళే ఒక సన్నని చీలిక, దాన్ని తెరిచి మూసే మర ఉన్నాయి. మర ఎక్కడ నిలపాలో ఆయన పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. పిల్లలంతా దాన్నే నమ్ముతున్నారని ఒకరోజు వేలితో చెరిపేశాను.

అప్పుడు నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. వాయువులోంచి కరెంటు పంపితే వెలుగుతుంది. ఆ వెలుగులో ఎర్రగీత ఎంత వెడల్పుగా ఉంటే లోపల ఎలక్ట్రాన్లు అంత కిక్కిరిసి ఉన్నట్టు. వెలుగు చాలడం లేదని చీలికను బాగా తెరిచి కొలిచాను. లెక్క ఘనంగా వచ్చింది. థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా ఆయన నా గ్రాఫు చూసి, పాదరసం దీపం తెచ్చి అదే చీలిక ముందు పెట్టారు.

"దీని గీత వెంట్రుకలా ఉండాలి గదా సార్. ఇదీ లావుగానే ఉందే. అంటే మీ ఎర్రగీత లావు కూడా చానా వరకు దీపానిది కాదు, మన పెట్టెది."

వారమంతా ఇద్దరం కూర్చుని మళ్ళీ కొలిచాం. ఎలక్ట్రాన్ల లెక్క సగానికి పడిపోయింది, నా పరువు నిలిచింది. గుర్తు ఎవరు చెరిపారని ఆయన అడగలేదు. అదే చోట మళ్ళీ పెట్టుకున్నారు.

థీసిస్ మొదట్లో, టైపు చేసినావిడతో సహా అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. ఆయన పేరు రాయలేదు. ఆ పుస్తకానికి అట్ట వేసి బీరువాలో పెట్టింది ఆయనే. ఆ పేజీ చూశారో లేదో అడిగే ధైర్యం నాకు ఇన్నేళ్ళూ రాలేదు.

నిన్న ల్యాబ్‌లో దుమ్ము దులుపుతుంటే ఆ మర దగ్గర నా చెయ్యి ఆగింది. గుర్తు సగం చెరిగి ఉంది. ఈసారి పోతే మళ్ళీ పెట్టే మనిషి లేడు. ఇంతలో ప్రాక్టికల్స్ పిల్లలొచ్చారు. నన్నేమీ అడగలేదు. వంగి ఆ గుర్తు వెతుక్కుని, మరను సరిగ్గా అక్కడికి తిప్పారు.