ఎర్రచుక్క పెట్టిన బుష్షు

మామ పోయాడన్న కబురు నాకు పొద్దున రైల్లో తెలిసింది. తిరుత్తణిలో ఎక్కి, అలవాటుగా కిటికీ పక్క ఆయన తుండుగుడ్డ కోసం చూశాను. నేను ఆలస్యంగా వస్తానని రోజూ నా సీటు మీద పరిచి ఉంచేవాడు. అది లేదు. "మీ మామ గుండె నిలిచిపొయ్యి తెల్లార్తో పోయినాడంట" అన్నాడు ఎదుటి సీటాయన. బండి కదలకముందే దిగేశాను.

చుట్టరికం ఏమీ లేదు, రైలు కలిపిన మామ. నేను తిరువళ్ళూరు దగ్గర కార్ల ఫ్యాక్టరీలో దిగితే, ఆయన పట్టాభిరామ్ దాకా వెళ్ళి ఒక షెడ్డులో లేత్ మిషను మీద మా కార్లకే బుష్షులు, అంటే ఇరుసులు తిరిగే ఇత్తడి గొట్టం ముక్కలు, తీసేవాడు. "బండి ఒక్క చోట పుట్టదు అల్లుడూ, పది షెడ్లలో కొంచెం కొంచెం పుడతాది" అనేవాడు.

మామ పుట్టింది నేతవాళ్ళ ఇంట్లో. నూలు చూసిన వేలితోనే ఇత్తడినీ చూసేవాడు. కాఫీ గ్లాసు అంచు, కిటికీ కమ్మీ, ఏది దొరికినా తడిమి తీర్పు చెప్పాల్సిందే. నా పెళ్ళి ఉంగరాన్నీ వదల్లేదు. "కంసాలి అవసరపడినాడు, నునుపు చెయ్యకుండానే ఇచ్చేసినాడు" అన్నాడు!

ఫ్యాక్టరీకి వచ్చే సరుకు తనిఖీ చేయడం నా పని. ఒకసారి ఆయన తీసిన బుష్షుల్లోకి, రంధ్రం కొలిచే గేజి దూరకూడని వైపు కూడా దూరింది, అంటే రంధ్రం పెద్దదైందని. అన్నిటికీ ఎర్రచుక్క పెట్టి తిప్పి పంపేశాను. మర్నాడు రైల్లో మామ మెల్లగా అన్నాడు: "గేజి అరిగిపొయ్యుంటాది, ఒక తూరి చూడు అల్లుడూ. నా వేలు పొయ్ చెప్పదు, దానికి అబద్దాలు తెలవవు."

"వేలు చూసి కార్లు చెయ్యరు మామా" అన్నాను. రైలుపెట్టెలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ వారమే షెడ్డు ఓనరు ఆయన్ని లేత్ మీంచి తీసి, సరుకు పెట్టెలకు మేకులు కొట్టే పనిలో వేశాడు.

నెల తర్వాత గేజి పరీక్షకు పంపితే తేలింది, అరిగింది గేజే. నేను షెడ్డుకు ఒక్క ఉత్తరం రాస్తే మామ మళ్ళీ లేత్ దగ్గర నిలబడేవాడు. రాయలేదు. ప్రమోషన్ దగ్గర్లో ఉంది, తప్పు నాదని ఆఫీసరుతో చెప్పడానికి నోరు రాలేదు. కొత్త గేజి తెచ్చుకుని ఊరుకున్నాను. మామ మాత్రం రోజూ నాకు తుండు పరుస్తూనే ఉన్నాడు. సిగ్గు లేకుండా ఆయన పక్కనే కూర్చున్నాను.

మామ ఇంటికి వెళ్ళేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర, బియ్యం పోసిన ఇత్తడి బుష్షులో అగరుబత్తులు వెలుగుతున్నాయి. దాని మీద ఎర్రచుక్క.

"పారేస్తానంటే ఒప్పుకోలా" అంది అత్త. "మంచి సరుకే, మా అల్లుడే ఒకనాడు చెప్తాడు అంటా ఉన్నాడు."

"మంచి సరుకే అత్తా. తప్పు నాది."

"నాకెందుకు నాయనా చెప్తావు? ఆయనకు చెప్పుండాల్సింది."

అగరుబత్తులు చివరిదాకా కాలాయి. అత్త కొత్తవి గుచ్చింది. బూడిద రాలి బుష్షంతా తెల్లబడినా, నేను పెట్టిన చుక్క ఎర్రగా కనబడుతూనే ఉంది.