పామర్రు సభలో నేను చెప్పిన తప్పు జవాబు

2022వ సంవత్సరం. కోవిడ్ తగ్గుముఖం పట్టి, మనుషులు మళ్లీ ఒక హాల్లో పక్కపక్కన కూర్చోవడానికి అలవాటు పడుతున్న రోజులు. విజయవాడలో ఆరోగ్య బీమా ఏజెంటుగా నేను పని మొదలుపెట్టి అప్పటికి పదిహేడేళ్లు. మా ఊళ్లో బీమా వృత్తిలో ఉన్నవాళ్లకి ఒక అసోసియేషన్ ఉంది. ఏజెంట్లు, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్లు, కంపెనీల నుంచి రిటైరైన ఆఫీసర్లు అందులో సభ్యులు. గవర్నరుపేటలో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆఫీసు. నెలకొక శనివారం అక్కడ స్టడీ సర్కిల్ జరుగుతుంది. ఎవరో ఒకరు ఒక విషయం మీద పాఠం చెబుతారు, మిగతావాళ్లం నోటు పుస్తకాలు పెట్టుకుని వింటాం. ఆ ఏడాది విద్యా విభాగానికి నన్ను కన్వీనర్‌ని చేశారు.

నెలనెలా మాలో మేం చెప్పుకుంటే సరిపోదు, పాలసీలు కట్టే జనం దగ్గరికే వెళ్లాలని మా ప్రెసిడెంటు రామ్మోహనరావు గారు పట్టుబట్టారు. ఆయన ముప్పయ్యేళ్లుగా ఏజెంటు. మచిలీపట్నం రోడ్డు మీద ఉన్న ఊళ్లలో ఆయనకి తెలియని ఇల్లు తక్కువ. అలా జూలైలో ఒక ఆదివారం పామర్రులో అవగాహన సదస్సు పెట్టాం. ఒక కల్యాణ మండపం తీసుకున్నాం. మధ్యాహ్నం భోజనం కూడా ఉందని చెప్పడంతో డెబ్బై మందికి పైగా వచ్చారు. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు గుమ్మం దగ్గర రిజిస్టర్‌లో వాళ్ల చేతే రాయించాం.

జబ్బుల గురించి పదిమందిలో లేచి అడగడానికి జనం మొహమాటపడతారు. అందుకని చిన్న చిన్న కాగితాలు పంచి, పేరు లేకుండా ప్రశ్న రాసి పంపమన్నాం. నేను ఒక్కొక్కటీ తీసి చదివి, మైకులో జవాబు చెబుతున్నాను. దాచడం దేనికి, నాకు మైకంటే ఇష్టం. అడిగింది అడిగినట్టు టకటకా చెప్పేస్తుంటే ముందు వరసలో తలలు ఊగుతాయి. ఆ ఊపు ఇంకో జవాబుని నోట్లోంచి లాగుతుంది.

ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "నేను పాలసీ కట్టడం మొదలుపెట్టిన మూడేళ్లకి గుండెలో ఒక బ్లాక్ ఉందన్నారు. మందులు వాడుతున్నాను. ఆసుపత్రిలో చేరలేదు, క్లెయిమ్ పెట్టలేదు. ఇప్పుడు కంపెనీ మారుదామనుకుంటున్నాను. కొత్త కంపెనీకి ఈ సంగతి చెప్పాలా?"

ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పాలసీని మార్చుకోవడాన్ని పోర్టబిలిటీ అంటారు. సెల్‌ఫోన్ నంబరు మారకుండా కంపెనీ మారినట్టే. కొన్ని జబ్బులకి ఇన్నేళ్లు ఆగాలని కంపెనీలు పెట్టే వెయిటింగ్ పీరియడ్‌లో, పాత కంపెనీ దగ్గర గడిపిన ఏళ్లు కొత్త కంపెనీ దగ్గర కూడా లెక్కకొస్తాయి. అంతవరకు నిజం. నేను ఆ నిజం చెప్పి ఊరుకోలేదు.

"పాత హక్కులన్నీ మీతోపాటే వస్తాయండీ. మళ్లీ మొదటినుంచీ అన్నీ చెప్పుకోవాల్సిన పని లేదు. నిశ్చింతగా మారండి" అన్నాను. తలలు ఊగాయి. ఇంకో కాగితం తీశాను.

సెప్టెంబరు ఆఖరు శనివారం స్టడీ సర్కిల్‌లో పాఠం శారద గారిది. ఆవిడ ఒక బీమా కంపెనీలో అండర్‌రైటర్‌గా చేసి రిటైరయ్యారు. ఎవరికి పాలసీ ఇవ్వచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, ఏ షరతుతో ఇవ్వాలి అని తేల్చే పని అది. ఆ రోజు విషయం పోర్టబిలిటీ. బోర్డు మీద రెండు గడులు గీసి, మెల్లగా అన్నారావిడ.

"ఒక్కటి మర్చిపోకండి. వచ్చేది కాలం మాత్రమే. నమ్మకం రాదు. కొత్త కంపెనీకి పోర్ట్ అయినా అది కొత్త ప్రపోజలే, అంటే కొత్తగా పెట్టే దరఖాస్తే. ఈ రోజు వరకు ఒంట్లో ఏముందో అంతా రాయాలి. రాయకపోతే దాచినట్టే. రేపు క్లెయిమ్ తిప్పికొట్టచ్చు, పాలసీయే రద్దు చెయ్యచ్చు."

నా పెన్ను ఆగిపోయింది. ఆ గుండ్రటి అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. క్లాసు అయ్యాక అందరూ టీ దగ్గరికి వెళితే నేను బీరువా తీసి పామర్రు ప్రశ్నల కాగితాలు దాచిన కవరు వెతికాను. కాగితం ఉంది. పేరు లేదు. పేరు రాయొద్దని చెప్పింది నేనే.

రామ్మోహనరావు గారికి సంగతి చెప్పాను. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేస్తానన్నాను.

"అందరికీనా? ఒక్కరేగా అడిగింది?"

"అడిగింది ఒక్కరే సార్. విన్నది అందరూ."

"పద్మగారూ, మొదటి సభే అది. మేం తప్పు చెప్పాం అని ఊరంతా ఫోన్లు చేస్తే రేపు మన సభకి ఎవరొస్తారండీ? అయినా జనం ఇవన్నీ గుర్తుపెట్టుకుంటారా?"

"గుర్తుపెట్టుకోకపోతే మనం అంత దూరం వెళ్లి చెప్పడం ఎందుకు సార్?"

కోపంతో అన్న మాట కాదు. నాకు నిజంగానే అనిపించింది. ఆయన కిందికి దిగి వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం నేను ఫోన్లు చేస్తుంటే వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ రెండో పేజీ నాకివ్వండి" అన్నారు.

మూడు సాయంత్రాలు పట్టింది. ఒకాయన "మేం భోజనానికి వచ్చామమ్మా, పప్పుచారు బావుంది" అన్నాడు. ఒకావిడ నేను కొత్త పాలసీ అమ్మడానికి చేశాననుకుని పెట్టేసింది. చాలామంది ఓపిగ్గానే విన్నారు. ప్రశ్న నాదే అన్నవాళ్లు లేరు. చివరికి ఒక్క పేరు మిగిలింది. రాజ్యలక్ష్మి, కూచిపూడి. నంబరులో ఆఖరి అంకె మీద నీళ్లు పడి సిరా అలుక్కుపోయింది. అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి.

బుధవారం ఉదయం మచిలీపట్నం బస్సెక్కి పామర్రులో దిగి, ఆటోలో కూచిపూడి వెళ్లాను. పేరు చెబితే డ్రైవరే అన్నాడు, "డాన్సు చెప్పే రాజ్యలక్ష్మి గారేనా?" అని.

నేను వెళ్లేసరికి ఆవిడ ముందు గదిలో అయిదారుగురు ఆడపిల్లలకి పాఠం చెబుతున్నారు. నేల మీద కూర్చుని, చెక్క మీద కర్రతో తాళం వేస్తున్నారు. నలభై దాటిన వయసు, సన్నటి మనిషి. నన్ను చూసి గుర్తుపట్టారు.

"పామర్రులో మాట్లాడిన మేడమ్ కదూ? రండి రండి. మీ మాట విని మారిపోయానండీ. పాలసీ కూడా వచ్చేసింది."

ఆవిడ నవ్వుతూ అన్నారు ఆ మాట. పిల్లల్ని పంపేదాకా ఆగి, కూర్చున్నాక చెప్పాను. చుట్టూ తిప్పకుండా, నేను చెప్పింది తప్పు అన్న మాటతోనే మొదలుపెట్టాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లి ఫైలు తెచ్చారు. ప్రపోజల్ ఫారంలో గుండె జబ్బు ఉందా అన్న గడిలో 'లేదు' అని ఉంది. యాభై ఏళ్లలోపు మనిషి కావడంతో కంపెనీ పరీక్షలేవీ అడగలేదు.

"మైకులో చెప్పారండీ మీరు" అన్నారావిడ. గొంతు పెంచలేదు. "ఫారం నింపిన అబ్బాయి, బ్లాక్ సంగతి రాయాలేమో అన్నాడు కూడా. అక్కర్లేదుటయ్యా, పెద్ద సభలో చెప్పారు అని నేనే రాయనివ్వలేదు."

ఆవిడ ఫైలు నా ముందుకు జరిపారు.

"పిల్లకి అడుగు తప్పు నేర్పితే మర్నాడు పొద్దున్నే సరిచేస్తానండీ నేను. లేకపోతే ఒళ్లు అలాగే అలవాటు పడిపోతుంది. మీరు రెణ్ణెల్లు దాటాక వచ్చారు."

"నాకు తప్పని తెలిసి నాలుగు రోజులైందండీ. తెలిశాక ఆగలేదు. కానీ తెలియకుండా చెప్పకూడదు. అది నా తప్పే."

ఆవిడ అడిగారు, "ఎవరికీ చెప్పకుండా ఇలాగే ఉంటే ఏమవుతుంది?"

"ఇవాళ ఏమీ కాదండీ. ఆసుపత్రిలో చేరిన రోజున అవుతుంది."

ఫైలులోని తేదీలన్నీ ముందుపెట్టుకుని చూశాను. కొత్త కంపెనీకి ఇప్పుడు నిజం చెబితే పాలసీయే రద్దు కావచ్చు. కానీ మా వృత్తిలో రెండు గడువులున్నాయి. కొత్త పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి పంపడానికి ఇచ్చే గడువు ఫ్రీ లుక్ పీరియడ్. అప్పట్లో అది పదిహేను రోజులు. ఆవిడకి ఇంకా మూడు రోజులు మిగిలాయి. పాత పాలసీ తేదీ దాటినా కట్టుకోవడానికి ఇచ్చే అదనపు రోజుల్ని గ్రేస్ పీరియడ్ అంటారు. అదీ ఇంకా దాటలేదు. పాత కంపెనీలో చేరాక వచ్చిన జబ్బు కాబట్టి, అక్కడికి తిరిగి వెళ్లగలిగితే ఆవిడ గుండెకి పూర్తి రక్షణ ఉంటుంది.

శారద గారికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఆవిడ ఒకే మాట అన్నారు. "ముందు పాతది తెరిపించు. రసీదు చేతికొచ్చాకే కొత్తది మూయించు. క్రమం మారిందంటే రెండూ పోతాయి."

రాజ్యలక్ష్మి గారికి అదే చెప్పాను. "నేను చూపించుకునే ఆసుపత్రిలో ఆ కంపెనీ క్యాష్‌లెస్ తీసేసిందనే కదండీ మారింది?" అన్నారు. అంటే ఆ ఆసుపత్రిలో చేరితే ముందు తనే కట్టుకుని, తర్వాత కంపెనీ నుంచి తెచ్చుకోవాలి. ఆ ఇబ్బంది మళ్లీ తప్పదని ఒప్పుకున్నాను. ఆవిడ ఫైలు మూసి, "రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు.

మర్నాడు విజయవాడలో పాత కంపెనీ బ్రాంచిలో కూర్చున్నాం. కౌంటర్లో ఆఫీసరు కంప్యూటర్ చూసి, "పోర్ట్ అవుట్ అయిపోయిందండీ. రెన్యూవల్ ఓపెన్ కావట్లేదు" అన్నారు. గ్రేస్ తేదీ చూపించి, పైఆఫీసుని అడగమని బతిమాలాను. అడిగారు. వాళ్లు మెయిల్ పెట్టమన్నారు. పెట్టారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. రాజ్యలక్ష్మి గారు సంచిలోంచి డబ్బా తీసి, పులిహోర సగం మూత మీద పెట్టి నా వైపు జరిపారు. "తినండి. మీరు పొద్దున్నుంచీ నీళ్లు కూడా తాగలేదు" అన్నారు. ఆవిడ ఇంకా నా మీద కోపంగానే ఉన్నారు. అయినా పెట్టారు. నేను తలొంచుకుని తిన్నాను.

మూడున్నరకి జవాబు వచ్చింది. మధ్యలో ఖాళీగా పోయిన రోజులకి రక్షణ ఉండదన్న షరతుతో రెన్యూవల్‌కి ఒప్పుకున్నారు. రసీదు ప్రింటయి వచ్చింది. అప్పుడు కొత్త కంపెనీ ఆఫీసుకి వెళ్లి, ఫ్రీ లుక్‌లో రద్దు కోరుతూ ఉత్తరం ఇచ్చి, ముద్ర వేయించుకున్నాం. బస్టాండులో దింపేటప్పుడు ఆవిడ "వస్తానండీ" అన్నారు. అంతే. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

డిసెంబరులో పామర్రులో రెండో సభ పెట్టాం. నేను మైకు పట్టుకుని, కిందటిసారి ఈ వేదిక మీదే ఒక తప్పు చెప్పానని, అదేమిటో, సరైనదేమిటో వివరించాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"మరి ఆ రోజు చెప్పిన మిగతావి కరెక్టేనాండీ?"

నవ్వులు లేచాయి. "అన్నీ మళ్లీ చూసుకున్నానండీ. అవి కరెక్టే" అన్నాను. నవ్వులు సద్దుమణిగాక నడివయసు రైతు ఒకాయన వేదిక దగ్గరికొచ్చి, చొక్కా జేబులోంచి మడిచిన ఫారం తీశాడు. కొత్త కంపెనీకి పోర్ట్ ఫారం. షుగర్ ఉందా అన్న చోట 'లేదు' అని ఉంది. "రేపు ఇచ్చేద్దామనుకున్నానమ్మా" అన్నాడు. మేం ఫోన్ చేసినప్పుడు తనకేం అక్కర్లేదని పెట్టేసినవాళ్లలో ఆయన ఒకడు. అక్కడే కొట్టేసి, 'ఉంది' అని రాసి, పక్కన సంతకం పెట్టాడు.

ఆ పై ఏడాది వర్షాకాలంలో రాజ్యలక్ష్మి గారికి ఛాతీలో నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. క్యాష్‌లెస్ లేదు కాబట్టి ముందు వాళ్లే కట్టారు. కాగితాలన్నీ నేనే దగ్గరుండి పంపాను. కంపెనీ ఒక్క ప్రశ్న వెయ్యకుండా క్లెయిమ్ ఇచ్చింది. ఆవిడ మళ్లీ పాఠాలు మొదలుపెట్టాక నాకు ఫోన్ చేశారు.

"మా పిల్లల తల్లిదండ్రులు ఆదివారం వస్తారు. మీరొచ్చి బీమా గురించి నాలుగు మాటలు చెప్పాలి."

వెళ్లాను. పాతికమంది చాపల మీద కూర్చున్నారు. ఆవిడ లేచి నన్ను పరిచయం చేశారు. "ఈవిడ ఒకసారి నాకు తప్పు చెప్పారు. తప్పని తెలియగానే నా నంబరు కూడా లేకుండా వెతుక్కుంటూ మా ఇంటికొచ్చి ఆ మాట చెప్పారు. అందుకే ఈవిణ్ణే పిలిచాను."

ఇన్నేళ్లలో నాకు శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు. అలాంటి పరిచయం మాత్రం ఎవరూ చెయ్యలేదు. సిగ్గూ గౌరవమూ ఒకేసారి కలగడం నాకు అదే మొదలు.

మా వృత్తిలో మేం అమ్మేది మాటే. కాగితం తర్వాత వస్తుంది. జనం కాగితం చదవరు, మమ్మల్ని చదువుతారు. కాబట్టి తెలిసినదానికి ఒక్క మాట ఎక్కువ చెప్పినా ఆ భారం వాళ్ల మీద పడుతుంది, అదీ వాళ్లు మంచం మీదున్న రోజున. ఆ ఆదివారం ఒక తల్లి, పుట్టుకతో వినికిడి లేని తన బిడ్డకి వేయించబోయే పరికరం పాలసీలోకి వస్తుందా అని అడిగింది. చాపల మీద కూర్చున్నవాళ్లంతా నా వైపు చూస్తున్నారు.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "రాసుకుంటున్నాను. పాలసీ చదివి, తెలిసినవాళ్లని అడిగి, బుధవారంలోగా చెబుతాను."

ఎవరి తలా ఊగలేదు. ఆ తల్లి మాత్రం తన నంబరు చెప్పి, నేను సరిగ్గా రాసుకున్నానో లేదో వంగి చూసింది.