ఉమ్మితో పెట్టిన పదును

కువైట్‌లో, అహ్మది బస్టాపులో కూర్చుని రబ్బరులాంటి లినోలియం పలక మీద మా ఆవిడ బొమ్మ చెక్కుతున్నాను. దాన్ని అచ్చు వేసి పెళ్లిరోజుకి ఇవ్వాలి. ముక్కు దగ్గరికొచ్చేసరికి నా మొండి ఉలి పలకను పీకడం మొదలుపెట్టింది. ఇంకోసారి జారితే ముక్కూ పోతుంది, కాపురమూ పోతుంది.

పక్కన కూర్చున్న రాయచోటి వడ్రంగి నా పెట్టెలోకి తొంగి చూశాడు. "పన్నెండు ఉలులు కొన్న్యావే, పదును పెట్టేది నేర్సుకోల్యాదా అన్నా?"

ఊరి దుమ్మంతా తొక్కిన తోలు చెప్పు విప్పి, దాని మీద చెరువంత ఉమ్మేసి, నా జపాను ఉలిని నూరాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"ఖలాస్, అయిపాయ. ఇప్పుడు కొయ్యి."

ఉలి జున్నులో దిగినట్టు దిగింది.

ఆ బొమ్మ ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్లంతా ముక్కునే మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ గోడకి వీపు తిప్పి అన్నం తింటాను.