తిరిగిరాని రెండో ఎల్‌సీ

ఇది జరిగింది 2022 వేసవిలో, మొగల్తూరు వైపు ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో. అప్పుడే రాయవలసింది. కానీ అప్పటికి నా రాతంతా లాగ్‌బుక్కులోనే. టైము, ఫీడరు, పేరు, అంతే. ఇన్ని వాక్యాలు వరసగా రాయడం ఈమధ్యే అలవాటయింది.

లైన్‌మన్‌గా చేస్తూ మా ఆయన జ్వరంతో పోతే, నన్ను అక్కడే ఊడ్చే పనికి తీసుకున్నారు. షిఫ్టు పని, అంటే ఫీడర్లకి కరెంటు వేసి తీసే పని, అడిగితే, "లాగ్‌బుక్కు ఎవరు రాస్తారమ్మా?" అని నవ్వారు. నలభై దాటాక అక్షరాలు దిద్దాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. షిఫ్టు ఇచ్చాక కూడా, చిన్న పొరపాటు జరిగితే మళ్ళీ చీపురు చేతికిస్తారన్న గుబులు వదల్లేదు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ మాకు చెప్పి ఆ ఫీడరుకి, అంటే ఆ ఊళ్ళకి వెళ్ళే లైనుకి, కరెంటు ఆపిస్తాడు. పని ముగించి కిందికి దిగి, తానే ఆ మాట చెప్పి ఎల్‌సీ తిరిగి ఇస్తేనే మేం మళ్ళీ వేయాలి. రూలు అది. పనిలో మాత్రం ఒకరి ఎల్‌సీ ఇంకొకరు తిరిగి ఇచ్చేస్తుంటారు. అలా విని నేను వేసిన రోజులూ ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం గాలివాన వెలిశాక, రొయ్యల చెరువుల ఫీడరు మీద సత్తిబాబు ఒక ఎల్‌సీ, నాగేశు ఒక ఎల్‌సీ తీసుకున్నారు. చెరో ఊళ్ళో పని. గంటన్నరకి సత్తిబాబు ఫోన్ చేశాడు.

"అయిపోయిందక్కా, వేసెయ్."

"నాగేశు?"

"వాడిది పది నిమిషాల పని. ఎప్పుడో దిగిపోయాడు."

"నువ్వు చూశావా?"

"నేను ఈ చివరుంటే ఎలా చూస్తానక్కా?"

నాగేశు ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. ఈలోగా రొయ్యల రైతు రాజుగారు బండి మీద వచ్చారు. మబ్బు పట్టిన రోజు చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరగకపోతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఆయన జనరేటరేమో మొరాయించింది.

"ఏమ్మా, పంటంతా పోయాక వేస్తావా?"

"లైను మీద మనిషున్నాడండి."

"ఉన్నాడో లేడో నీకే తెలీదు కదా."

ఆ మాట నిజమే. కూర్చోలేక ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. రాజుగారు పైవాళ్ళకి ఫోన్లో నా పేరు చెబుతున్నారు. ఒకసారి స్విచ్ మీద చెయ్యి కూడా వేశాను. తీసేశాను. సత్తిబాబుతో, "నువ్వెళ్ళి చూసి చెప్పు. అప్పటిదాకా వెయ్యను" అన్నాను.

"మరీ చాదస్తం అక్కా నీకు" అంటూనే బయల్దేరాడు.

ముప్పావు గంటకి నాగేశే ఫోన్ చేశాడు.

"ఇన్సులేటర్ పగిలిపోయిందక్కా, మార్చేసరికి ఇంతసేపయింది. ఫోన్ కింద బండి సంచిలో ఉండిపోయింది. సత్తిబాబు వచ్చి కేకేసినప్పుడు పైనే ఉన్నాను. ఇప్పుడు దిగాను, వేసెయ్."

వేశాను. లాగ్‌బుక్కులో టైము, నాగేశు పేరు రాశాను.

ఆ రూలు షిఫ్టులోకి వచ్చిన కొత్తలోనే బట్టీ పట్టాను. దాని వెనక ఒక మనిషి వేలాడుతుంటాడని ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఉదయం డ్యూటీకి ముందు రాజుగారి చెరువుకి వెళ్ళాను. గట్టు వారగా చచ్చిన రొయ్యలు తేలుతున్నాయి. ఆడవాళ్ళు తట్టల్లోకి ఏరుతున్నారు.

"మళ్ళీ ఇలాగే జరిగినా వెయ్యనండి" అన్నాను.

"తెలుసమ్మా. అందుకే ఈయన్ని పిలిపించాను" అని, జనరేటర్ విప్పుకుని కూర్చున్న మెకానిక్‌ని చూపించారు.

నేను కొంగు దోపుకుని, ఆ ఆడవాళ్ళ పక్కన నిలబడి ఓ తట్టెడు ఏరి, డ్యూటీకి వెళ్ళాను.