నవమి నాడు స్కేట్లు తీశాను

సింగపూర్‌లో ఐస్ హాకీ చూడాలని ఉన్నవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం బయల్దేరండి. సెంగ్‌కాంగ్ నుంచి జురాంగ్ ఈస్ట్‌కి గంటా పది నిమిషాలు, అదీ చేతులు ఊపుకుంటూ వస్తే. నాలాగా గోల్‌కీపర్ సంచీ మోసుకొచ్చేవాళ్ళు గంటన్నర వేసుకోండి. ఐదేళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నాను. ఈసారి మాత్రం ఇంట్లోంచి బయటపడడానికే ఆరు గంటలు పట్టింది.

ముందు నా సంగతి. పేరు పద్మ, ఊరు ఒంగోలు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా ఊళ్ళో ఐసంటే చెరుకురసం బండి దగ్గర గోనెపట్టా చుట్టిన దిమ్మే. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆఫీసువాళ్ళతో సరదాగా మంచు పరిచిన రింకుకి వెళ్ళి మొదటిసారి స్కేట్లు కట్టుకున్నాను. గోల్‌కీపర్‌కి స్కేటింగ్ అంతగా రాకపోయినా పర్లేదని ఎవడో అన్నాడు. పచ్చి అబద్ధం. అది నమ్మి చేరిపోయాను. మాది రెండో డివిజన్, ఆరు జట్లు, ఆడా మగా కలిసే ఆడతాం. జీతం లేదు, పేపర్లో పేరు రాదు, చూడ్డానికి పదిమందొస్తే మాకు పండగే. అయినా ఏం చేస్తుంటావని అడిగితే ఐస్ హాకీ ఆడతానని ముందు చెప్తాను, టెస్టింగ్ సంగతి ఆ తర్వాత. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ, నాకేం?

శుక్రవారం మా కెప్టెన్ హెన్రీ మెసేజ్ పెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, కార్ల గ్యారేజీ నడుపుతాడు. కెవిన్ అని కెనడా నుంచి ఒకతను రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగానికి వచ్చాడట, అతనూ గోల్‌కీపరేనట. "ఆదివారం సీజన్‌లో ఆఖరి మ్యాచ్. నువ్వు వస్తే నువ్వే ఆడతావు. రాకపోతే కెవిన్ ఆడతాడు. ఆ ఆట చూసి, వచ్చే సీజన్‌కి ఎవరో తేలుస్తా."

ఆ ఆదివారం మహర్నవమి. మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి నెలయింది. పొద్దున్న ఏడింటికి లేచి హాల్లోకి వస్తే నా గుండె ఆగినంత పనైంది. అమ్మవారి పటం ముందు, ఎర్ర జాకెట్టు గుడ్డ మీద మా ఆయన శ్రీధర్ ల్యాప్‌టాప్, దాని పక్కన నా స్కేట్లు, కర్ర, హెల్మెట్. అన్నిటికీ పసుపూ కుంకుమా పువ్వులూ. హెల్మెట్ నుదుటి మీద ఇంత బొట్టు. ఆయుధ పూజ చేసేసింది! నెలరోజులుగా నా సంచీ కంపు కొడుతోందని ముక్కు మూసుకున్న మనిషి, తన చేత్తో తీసి దేవుడి దగ్గర పెట్టింది. నాకు నిజంగా సంతోషమేసింది. ఒక్క నిమిషం.

"రేపు దశమి పొద్దున ఉద్వాసన చెప్పాకే తియ్యాలమ్మా. అందాకా ముట్టుకోకూడదు," అంది.

"మ్యాచ్ ఇవాళే అత్తయ్యా."

"ఒక్కరోజు మానేస్తే కొంపలేం మునగవులే."

మునుగుతాయని చెప్పాను. హెన్రీ మెసేజ్ తెలుగులో చదివి వినిపించాను. ఊహూఁ. శ్రీధర్ పేపరు అడ్డం పెట్టుకుని, "అమ్మ అంత ప్రేమగా పెట్టింది కదా, రింకులో అద్దెకిస్తారేమో చూడు," అని నసిగాడు. ఐదేళ్ళు కాపురం చేసి, గోల్‌కీపర్ స్కేట్లు అద్దెకి దొరకవని తెలీదు ఈ మనిషికి! బతిమాలాను, అలిగాను, గారెల పిండి రుబ్బి పెట్టాను. ఆవిడ కరగలేదు.

పన్నెండుంబావుకి శ్రీధర్ ఫోను మోగింది. వాళ్ళ మేనేజరు. సర్వర్ పడిపోయిందట, వెంటనే కనెక్ట్ అవ్వాలట. శ్రీధర్ వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడే లేచి, ల్యాప్‌టాప్ మీది పువ్వు తీసి కళ్ళకద్దుకుని, "ఉద్యోగం కదరా, అమ్మవారికి తెలీదా," అంటూ దాన్ని చేతికిచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"దానికి అక్కర్లేని ఉద్వాసన వీటికెందుకత్తయ్యా?"

"అది అన్నం పెడుతుంది."

"అన్నం పెట్టే ఉద్యోగం నాకూ ఉంది. ఇది అన్నం కోసం కాదు. ఇది నాకు కావాలి, అంతే."

అమ్మవారికి దణ్ణం పెట్టి, తప్పయితే నన్నడుగు తల్లీ, వీళ్ళనొద్దు అని చెప్పుకుని, స్కేట్లూ కర్రా హెల్మెట్టూ తీసి సర్దుకున్నాను. శ్రీధర్ తలెత్తలేదు. అన్నం తినకుండానే బయటపడ్డాను.

ఒంటిగంటా పదికి మా బ్లాకు దగ్గర చిన్న రైలెక్కి, సెంగ్‌కాంగ్ స్టేషన్లో పెద్ద రైల్లోకి మారాను. చివరి బోగీ ఎక్కండి, సంచీ ఆనించుకోవడానికి గోడ దొరుకుతుంది. లిటిల్ ఇండియాలో జనం తోసుకుంటూ ఎక్కారు. గళ్ళ చొక్కా ఆయన ఒకరు నా బొట్టూ పట్టీలూ చూసి పలకరించారు. షిప్‌యార్డులో వెల్డరట, శ్రీకాకుళం వైపు మనిషి.

"తెలుగోళ్ళేనా అమ్మా? ఏటీ సంచీ, ఊరెళ్ళిపోతున్నారా?"

"లేదండీ, ఆటకి. మంచు మీద హాకీ."

"దెబ్బలు తగలవా?"

"తగలకేం? బాగా తగుల్తాయి."

"నేనూ ఊర్ల కబడ్డీ ఆడీవోణ్ణి. ఇక్కడికొచ్చి మానేసినాను," అన్నారు.

"ఎందుకు మానేశారు?"

"ఏటో, మానేసినాను." ఔట్రమ్ పార్క్‌లో నేను దిగుతుంటే సంచీకి ఓ చెయ్యి వేశారు. అక్కడ పచ్చ లైను రైలు పట్టుకోవాలి.

జురాంగ్ ఈస్ట్ చేరేసరికి రెండూ నలభై. ఆకలి కరకరలాడుతోంది. స్టేషన్ దగ్గర తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో మాంసం లేని బీహూన్ దొరుకుతుంది, మన సన్న సేమ్యాలా ఉంటుంది. తిండి తెచ్చుకునేలోపు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు మనదే, ఇక్కడివాళ్ళు చోప్ చేయడమంటారు. నేను బొట్టున్న హెల్మెట్ పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పక్క కుర్చీలు కూడా ఖాళీగానే ఉన్నాయి.

మూడూ నలభైకి రింకులో ఉన్నాను. హెన్రీ నా స్కేట్లు చూసి అదిరిపడ్డాడు.

"ఏంటిది, రక్తమా?"

"పూజ."

"ఓ, మంచిది లా," అన్నాడు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే లాతో. " మేమూ గ్యారేజీలో అగరొత్తులు వెలిగిస్తాం."

కెవిన్ అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. పొడుగు మనిషి. లేచి నిలబడి నాకు చోటిచ్చాడు. కోపం తెచ్చుకుందామంటే అవకాశమే ఇవ్వలేదు.

నాలుగున్నరకి ఆట మొదలైంది. అవతల పట్టికలో మొదటి జట్టు. పక్ అంటే నల్ల రబ్బరు బిళ్ళ, గడ్డకట్టి ఇటుకంత గట్టిగా ఉంటుంది. మొదటి గోల్ నా కాళ్ళ సందులోంచి దూరింది. నా తప్పే. రెండోది ఆలస్యంగా వంగాను, అదీ నాదే. తల తీసేసినట్టయింది. ఇంత గొడవ చేసి వచ్చింది ఇందుకా అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో గానీ మొండితనం పట్టుకుంది. గ్లవ్‌తో, మోకాలితో, మెడ కింద ఎముకతో, దేనికి తగిలితే దానితో ఆపాను. ఈలోగా మావాళ్ళు రెండు కొట్టారు. ఆఖరి నిమిషంలో మా డిఫెన్స్ ఆటగాడు జారిపడితే అవతలివాళ్ళిద్దరు నా మీదికొచ్చేశారు. ఒకడి షాట్ ఆపాను. అది ఎగిరి రెండోవాడి ముందు పడింది. మూడు, రెండు. ఓడిపోయాం.

హెన్రీ నా పక్కన కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "చివర్లో చాలా బాగా ఆడావు. కానీ వచ్చే సీజన్ కెవిన్. నువ్వు రెండో గోల్‌కీపర్‌గా ఉండు. ప్రాక్టీసుకి రా, బెంచ్ మీద కూర్చో."

ఏడుపొచ్చింది. ఏడవలేదని అబద్ధమెందుకు చెప్పాలి, కాస్త ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని అన్నాను. "ఐదేళ్ళు దెబ్బలు తిన్నది కూర్చోడానికి కాదు హెన్రీ. జెర్సీ ఉతికి పంపిస్తా."

ఆరూ నలభైకి తిరుగు రైలు. క్లెమెంటీ దాటుతుంటే ఫోను మోగింది. అత్తయ్య.

"గెలిచావా?"

"లేదత్తయ్యా, ఓడిపోయాం."

"అంత గొడవ చేసి పోయి ఓడిపోయొస్తున్నావా? బాగానే ఉంది! గారెలు చల్లారిపోతున్నాయి, త్వరగా రా."

పక్కావిడ ఉలిక్కిపడేలా నవ్వేశాను. ఓడిపోయానన్న బాధ పోలేదు. కానీ ఇక చాలనిపిస్తుందేమోనని లోపల వెతుక్కుంటే, ఎక్కడా అనిపించలేదు. ఇంకా ఐదు జట్లున్నాయి. ఆ సీజనంతా ఒక్క మ్యాచ్ గెలవకుండా అడుగున మిగిలిన జట్టు కెప్టెన్ మేలింగ్ అనే ఆవిడ నెంబరు నా దగ్గరుంది. గోల్‌కీపర్ కావాలా అని మెసేజ్ పెట్టాను.

ఔట్రమ్ పార్క్ రాబోతుండగా జవాబొచ్చింది. "కావాలి. కానీ ముందే చెప్తున్నా, మావాళ్ళకి డిఫెన్స్ రాదు. మ్యాచ్‌కి నలభై షాట్లు నీ మీదికొస్తాయి. తట్టుకుంటావా?"

తలుపులు తెరుచుకున్నాయి. సంచీ భుజానికెత్తుకుని, ఒంటిచేత్తో జవాబు కొట్టాను.

"యాభై రానీ."